నిలకడ రీడింగు

మంటల దగ్గర పనిచేశానంటే అందరూ ఫైరింజను అనుకుంటారు. ఎర్ర బండి, గంట, ఇత్తడి టోపీ. నేను వాటిలో దేన్నీ ముట్టుకోలేదు. మంట ఎంత దూరంలో ఉన్నవాణ్ణి కాలుస్తుందో కాగితం మీద లెక్కవేసే ఉద్యోగం నాది. "అదీ ఒక ఉద్యోగమేనా" అని మా అత్తగారు చివరిదాకా అడుగుతూనే ఉన్నారు. ఆవిడకి చెప్పలేకపోయిన జవాబు మీకు చెబుదామని కూర్చున్నాను.

మీరంటే, ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న పిల్లలు. కార్డులకు చిల్లులు పొడిచి కంప్యూటరనే పెద్ద మిషనుకి తినిపిస్తే అది మంటనంతా అంకెల్లో కక్కేస్తుందని మీకు ధీమా. నేను ఉద్యోగం మానేశాక ఒకసారి ఆఫీసుకి వెళితే ఒకమ్మాయి ఆ కాగితాల చుట్ట తెచ్చి చూపించింది. అందులో గీత నెయ్యి రాసినట్టు నున్నగా ఉంది. "బాగుంది గానీ ఇందులో మంటేదమ్మా?" అన్నాను. ఆ పిల్ల నొచ్చుకుంది. నొచ్చుకోవాలనే అన్నాను. కానీ ఎందుకన్నానో చెప్పకుండా వచ్చేశాను. ఇది దానికి సంజాయిషీ అనుకోండి.

మా సెక్షను నాంపల్లిలో ఒక పాత మేడ మీద ఉండేది. కింద ఇరానీ హోటలు. వాళ్ళ పొయ్యి పొగ మా కిటికీలోంచి లోపలికి వచ్చి, మేము మంటల మీద పరిశోధన చేస్తున్నామని వచ్చేపోయేవాళ్ళకి నమ్మకం కలిగించేది. పైన మేం ముగ్గురం: సారు, అన్నగారు, నేను.

సారు మా వైపు మనిషే, కృష్ణా జిల్లా. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు దిగినవారు. నేనూ అప్పుడే దిగాను, కాకపోతే మావారి సామాన్లతో. నాకు నలభై దాటినా ఆయనకి నేను "అమ్మాయ్"నే.

అన్నగారు ఇక్కడివారు. తాతల నాటి నుంచి నాంపల్లి దాటి ఎక్కడా కాపురం పెట్టలేదు. నాకంటే పదేళ్ళు పెద్ద, సర్వీసులోనూ పెద్ద. ఫిజిక్సు ఉర్దూలో చదువుకున్నారు. మీకు నవ్వు రావచ్చు, నాకూ మొదట్లో వచ్చింది. తర్వాత తెలిసింది, నేను ఇంగ్లీషులో బట్టీపట్టిన సూత్రాలు ఆయన తాను రోజూ మాట్లాడే భాషలో అర్థం చేసుకున్నారని. ఉష్ణోగ్రత ఆయనకి "హరారత్". సగటు ఆయనకి "ఔసత్". మేమిద్దరం ఒక లెక్క సరిచూసుకోవడం మొదలుపెడితే సారు పెన్ను కింద పెట్టేసి, "ఇది ఏ దేశపు ఆఫీసండీ" అనేవారు.

అన్నగారు నన్ను "చెల్లె" అనేవారు. ఊళ్ళో ఆంధ్రా తెలంగాణా గొడవల రోజుల్లో కూడా ఆ పిలుపు మారలేదు.

"మీ ఆంధ్రోళ్ళంతా వాపస్ పోవాలె చెల్లె," అనేవారు టీ సాసర్లో పోసుకుంటూ. "నువ్వొక్కదానివి ఉండు. కొట్లాడనీకి ఒకరన్న ఉండాలె గద."

"మీ తప్పులు దిద్దడానికి ఉంటాలెండి," అనేదాన్ని నేను.

ఇక పని సంగతి. అవసరమైనంతే చెబుతాను, భయపడకండి. రెండు వేర్వేరు లోహపు తీగల కొసలు కలిపి మంటలో పెడితే, ఆ వేడికి పుట్టే కాస్త కరెంటుకి డబ్బాలోని ముల్లు కదులుతుంది. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి వేడి రాసుకుంటాం. కానీ మంటలో పెట్టిన ముల్లు ఆగదు. పసిపిల్ల చేతిలో గిలక్కాయలా అటూ ఇటూ కొట్టుకుంటుంది. సన్నటి తీగలు వాడితే మరీనూ, పైగా అవి ఊరికే తెగిపోతాయి. అందుకని సారు లావు తీగలు తెప్పించారు. లావు తీగ వేడెక్కడానికీ చల్లారడానికీ టైము తీసుకుంటుంది, ముల్లు బుద్ధిగా ఒకచోట నిలబడుతుంది. "నిలకడ రీడింగే రాయండి" అని ఆయన శాసనం. అది మా సెక్షనుకి గాయత్రీ మంత్రం. ముల్లు కొంచెం ఎగిరినా, "ఆగు, నిలకడకి రానీ" అనేవారు. నేను వాదనకి దిగితే, "నీకూ నిలకడ లేదమ్మాయ్" అనేవారు. నా పనితీరు గురించి ఏటేటా పైకి పంపే కాగితంలో కూడా అదే మాట రాశారని అన్నగారి ద్వారా తెలిసింది. ఒకే మాటతో మంటనీ నన్నూ ఒక దారికి తెద్దామని ఆయన ఆశ.

ఈ నిలకడ మీద నాకు అనుమానం ఎప్పటినుంచో ఉంది. ఒక వస్తువు నుంచి బయటికి చిమ్మే సెగ, దాని వేడితో పాటు మెల్లగా పెరగదు. వేడిని నాలుగుసార్లు వేసి గుణించినంత జోరుగా పెరుగుతుంది. వేడి రెట్టింపైతే సెగ పదహారు రెట్లు. ఇది ఫిజిక్సు చదివిన ప్రతివాడికీ తెలుసు. తెలిసీ ఏం చేస్తున్నామంటే, ఎగిరే మంటకి ముందు సగటు తీసి, ఆ సగటుని తీసుకెళ్ళి నాలుగుసార్లు గుణిస్తున్నాం.

అనుమానం అలా అనుమానంగానే ఉండిపోయేది, ఆ టింబర్ డిపో కేసు రాకపోతే.

నాంపల్లిలోనే ఒక గల్లీ. గల్లీకి ఒకవైపు కిరాయి ఇళ్ళ వరుస, రెండోవైపు టింబర్ డిపో. కోసిన చెక్కలు మేడల్లా పేర్చి ఉండేవి. ఒక ఎండాకాలం ఆ డిపోలో ఒక మూల అంటుకుంది. జనమే నీళ్ళు పోసి ఆర్పేశారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, మునిసిపాలిటీ పెద్దలకి బెదురు పుట్టింది. చెక్కల పేర్పుకీ ఇళ్ళకీ మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పమని మా సెక్షనుకి కాగితం వచ్చింది.

సారు మా నిలకడ రీడింగులన్నీ ముందేసుకుని లెక్కవేశారు. ఇప్పుడున్న గల్లీ వెడల్పు చాలునని తేలింది. తేలిందని చెప్పడానికి నన్నూ అన్నగారినీ పిలిచారు.

"సార్, ఒక చిన్న లెక్క," అన్నాను. "మంట ఒక క్షణం ఒకటి, మరుక్షణం మూడు. సగటెంత?"

"రెండు."

"రెండుని నాలుగుసార్లు వేసి గుణించండి."

"పదహారు. నాకు ఎక్కాలు వచ్చమ్మాయ్."

"ఇప్పుడు సగటు తీయకుండా దేనికది గుణించండి. ఒకటికి ఒకటే. మూడుకి ఎనభై ఒకటి. ఈ రెండింటి సగటు నలభై ఒకటి. గోడ మీద పడేది నలభై ఒకటి సార్, పదహారు కాదు. గోడకి మన సగటు తెలియదు."

సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నిజం మంట ఒకటికీ మూడుకీ ఎగరదు."

"ఎగరదు. మరి ఎంత ఎగురుతుంది? మనం కొలవలేదు. అది ఎగురుతుంటే ఆగమని కూర్చున్నాం."

ఆయన మూర్ఖుడు కాదు, ఆ మాట చెప్పాలి. వెంటనే అడగాల్సిన ప్రశ్నే అడిగారు. "పొగ సంగతేంటి? చెక్క మంట చుట్టూ నల్లటి మసి పొగ. బయట చల్లారిన పొగ లోపలి సెగని మింగేస్తుంది. నువ్వు పెంచింది అది తగ్గిస్తుంది. చెల్లుకి చెల్లు."

"పొగ గోడలా నిలబడితే మింగుతుంది. అది నిలబడదు కదా. పాత దుప్పటిలా చిరుగుతూ ఉంటుంది. చిరిగినప్పుడల్లా నడిమి మంట నేరుగా బయటికి చూస్తుంది. అన్నిటికంటే వేడిగా ఉండే చోటు అదే. మీరు మంటకొక సగటూ పొగకొక సగటూ విడివిడిగా తీసి కలిపితే, ఆ చిరుగులన్నీ కూర్చుని కుట్టేసినట్టు."

"అయితే సెగ ఎంత ఎక్కువ?"

"తెలియదు."

"తెలియనిది రిపోర్టులో ఎలా రాస్తాం? అంకె లేని అనుమానం అజీర్తితో సమానం." అన్నగారి వైపు తిరిగారు. "మీరేమంటారు?"

అన్నగారు అప్పటిదాకా ముల్లు డబ్బా మూత తెరుస్తూ మూస్తూ కూర్చున్నారు. "నా ఇల్లు గా గల్లీలనే ఉన్నది సార్. నేను మాట్లాడితే మంచిగుండదు."

ఆయన ఇల్లు అక్కడని నాకు తెలుసు. తెలిసి, ఆయన మేలు కోరే వాదిస్తున్నానని లోలోపల కాస్త గర్వపడుతున్నాను కూడా. ఆ సాయంత్రం ఆయనే నా గర్వం తీసేశారు. ఆఫీసు అయ్యాక ఆబిడ్స్ వైపు నడుస్తున్నాం. మా ఇల్లు గన్‌ఫౌండ్రీలో. మామూలుగా ఆయన స్టేషను వైపు తిరిగిపోవాలి, ఆ రోజు నా వెంట వచ్చారు.

"చెల్లె, నీ నాలుగో గుణకారం నా ఇంటి మీద పడ్తది, ఎర్కనా?"

"మీ ఇల్లు కాలకూడదనే కదండీ నా గోల."

"కాలుడు సంగతి తర్వాత. ఎడం పెంచాలె అని మీరు రాసిన్రనుకో. ఎవరు జరగాలె? డిపోవాని తాన కాగితాలున్నయి. మా ఇండ్లున్న జాగ కూడా తనదే, మా ఇంటి మాలిక్ ఆక్రమించి కట్టిండు అని ఎప్పటిసంది కొట్లాడుతున్నడు. ఎడం పెంచుమంటే చెక్కలు జరపడు. ఇండ్లు కూలగొట్టిస్తడు. గందుకే ఖుషీగ కూసున్నడు."

నాకు నడక ఆగిపోయింది. వెనక వస్తున్న సైకిలాయన నన్ను తిట్టి పక్కనుంచి వెళ్ళాడు.

"మరి సారుకి తెలుసా ఇది?"

"తెల్వకపోతే అంత జల్దీ లెక్క తేలుతదా?" అన్నారు అన్నగారు.

తర్వాత ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వాదించడానికే వెళ్ళుంటాను, మరోలా నాకు రాదు. ముందు గదిలో వదిన, అంటే ఆయన భార్య, ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. గది నిండా ముక్కలు, జాకెట్టు గుడ్డలు, లంగా గుడ్డలు. కిటికీకి పూల పర్దా. పర్దా తీస్తే ఎదురుగా చెక్కల పేర్పు. చెయ్యి చాపితే అందుతుందేమో అనిపించింది. అందదులెండి, గల్లీ ఉంది మధ్యలో. కాగితం మీద చాలినంత ఉన్న గల్లీ.

వదిన టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "మీరిద్దరు కొట్లాడుతున్నరంట గద, మా ఇంటి గురించి."

"మీ ఆయన కొట్లాడరు. నేనొక్కదాన్నే."

"నాకు తెల్వక అడుగుతున్న. మొన్న మంటైనప్పుడు గీ పర్దా గుంజి నీళ్ళ బకెట్ల వేసిన. కిటికీ ఊచలు పట్టుకుంటే చెయ్యి కాలింది. అది మీ లెక్కల ఉన్నదా?"

"ఉండాలనే అంటున్నా వదినా."

"ఉంటే ఇల్లు పోతదంట."

"అవును."

ఆమె కుట్టు మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది. "ఇల్లు పోతే ఏడికి పోతం? ఇల్లుంటే ఎట్ల పండుకుంటం? దినాం గిదే. నువ్వు చదువుకున్నదానివి, గీ రెంటికి ఔసత్ తీసి చెప్పు జర."

అన్నగారు వెనక గదిలో నవ్వుతున్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సోమవారం సారు నన్ను ఒక్కదాన్నే పిలిచారు. "అమ్మాయ్, కూర్చో. నీకు లెక్క తెలుసు, మనుషులు తెలియరు. ఆయనకి ఇంకా నాలుగైదేళ్ళ సర్వీసుంది. ఆ కిరాయికి ఈ ఊళ్ళో మళ్ళీ ఇల్లు దొరకదు. ఆ వరుసలో ఇంకా ఎన్ని కుటుంబాలున్నాయో. నేను పదహారే రాస్తాను."

"కాలితే?"

"కాలకపోతే?"

అంతకుముందూ ఆ తర్వాతా ఆయనతో ఎన్నో వాదనలు గెలిచాను. ఓడినవి కూడా గెలిచానని చెప్పుకున్నాను. ఆ రోజు మాత్రం ఆయన నాకంటే మంచివారేమోనన్న అనుమానం వచ్చింది, దానివల్ల కోపం ఇంకా పెరిగింది. పరీక్ష పెట్టందే రిపోర్టు మీద సంతకం చేయనన్నాను. చివరికి ఆయనే ఒప్పందం పెట్టారు. నిజం చెక్కలు పేర్చి తగలబెడదాం. గల్లీ వెడల్పంత దూరంలో ఒక చెక్క పలక నిలబెడదాం. పలక అంటుకుంటే ఎడం పెంచమని రాస్తాం. అంటుకోకపోతే నేను నోరు మూసుకోవాలి. సరేనన్నాను.

మీరిలాంటి పరీక్షలకి ఇప్పుడు షెడ్డు, గాలి రాకుండా తెరలు అడుగుతున్నారట. మాకు చాదర్‌ఘాట్ వంతెన దిగువన మూసీ ఇసుక ఇచ్చారు. ఎండాకాలం, పొద్దున్నే వెళ్ళాం. కాస్త దూరంలో బట్టలు ఉతికేవాళ్ళు దండేలు కట్టుకుని ఉన్నారు. వాళ్ళని జరగమని బతిమాలడంతో సగం పొద్దు గడిచింది.

"ఏంది సార్, సినిమానా?" అన్నాడు వాళ్ళలో ఒకాయన.

"సినిమా అయితే హీరోయిన్ ఏది?" అన్నాడు ఇంకొకాయన. అందరూ నా వైపు చూసి, మర్యాదగా వేరే దిక్కుకి చూశారు.

చెక్కలు పేర్చాం. సారు దగ్గరుండి దూరం కొలిపించి పలక నిలబెట్టించారు. నేను మంటలో పెట్టడానికి సన్నతీగలు తెచ్చుకున్నాను, వెంట్రుకలంత సన్నవి. కోఠీలో రేడియోలు బాగుచేసే షాపతన్ని పట్టుకుని అతికించుకున్నాను. ముల్లు డబ్బా నా ఒళ్ళో. సారు ఒక కుర్చీలో. అన్నగారు పలక పక్కన, కాస్త ఎడంగా నిలబడ్డారు. అంటుకునే క్షణం చూసి చెప్పాల్సింది ఆయనే.

నిప్పు పెట్టబోతుంటే అన్నగారు చంకలోని సంచీ లోంచి ఒక గుడ్డ తీశారు. పూల పర్దా. వదిన ముందు గది పర్దా. పలక పక్కనే ఒక కర్ర పాతి, సరిగ్గా అంతే దూరంలో దాన్ని వేలాడదీశారు.

"అదేంటండీ?" అన్నారు సారు.

"ఏం లేదు సార్. ఇంట్ల గోడలొక్కటే ఉండయి గద."

సారు నన్ను చూశారు. నేను చెప్పి చేయించానని అనుకున్నారు. నాకేం తెలియదని చెప్పినా నమ్మరని ఊరుకున్నాను.

మంట లేచింది. నేను చాలా మంటలు చూశాను గానీ దానంత దగ్గరగా, దానంత భయపడి దేన్నీ చూడలేదు. పొగ నల్లగా పైకి లేచి సుళ్ళు తిరగడం, ఉన్నట్టుండి ఒకచోట చిరగడం, ఆ చిరుగులోంచి తెల్లటి సెగ మొహానికి కొట్టడం, మళ్ళీ మూసుకోవడం. పొగ చిరిగినప్పుడల్లా నేను కళ్ళు మూసుకోవాల్సి వచ్చింది. ఒళ్ళో ముల్లు చేపపిల్లలా కొట్టుకుంటోంది. నేను పైకొసా కిందికొసా రాసుకుంటూ పోయాను. సగటు తీయలేదు. కాసేపటికి తీగలు తెగి ముల్లు సున్నా దగ్గరికొచ్చి పడుకుంది. మొత్తం మీద నిలకడ అప్పుడొచ్చింది దానికి.

పలక నల్లబడింది, పొగలొచ్చింది, బంక కారింది. కానీ అంటుకోలేదు. లావు చెక్క, దానిదీ లావు తీగ బుద్ధే. చిన్న చిన్న దెబ్బలు లెక్కచేయదు. మంట తగ్గుముఖం పట్టింది. సారు కుర్చీలోంచి లేచారు. ఆయన మొహంలో సంతోషం లేదు, ఊరట ఉంది. నేను డబ్బా పక్కన పెట్టాను. నోరు మూసుకోవడం ఎలా మొదలుపెట్టాలో ఆలోచిస్తున్నాను.

అప్పుడే ఒక గాలి విసురు వచ్చి, ఆరిపోతున్న మంట మళ్ళీ ఒక్కసారి లేచింది. పొగ పైనుంచి కిందిదాకా చిరిగింది. అప్పటికే గోధుమరంగుకి తిరిగి ఉన్న పర్దా నడిమిలో ఒక చిల్లు పడింది, చిల్లు అంచు ఎర్రబడింది. అంతే, మొత్తం పర్దా మంటై లేచింది. కర్ర మిగిలింది.

దూరం నుంచి బట్టలాయన, "ఖేల్ ఖతం," అన్నాడు.

"నిప్పురవ్వ పడింది," అన్నారు సారు.

అది అబద్ధమని నేననలేను. గాలి విసురుతో రవ్వలు లేచాయి. నేను కూర్చున్న చోటుకి పర్దా పక్కవాటంగా ఉంది. నాకు కనబడలేదు.

"రవ్వ పడిందండీ," అన్నారు సారు మళ్ళీ, ఈసారి అన్నగారితో. మెల్లగా అన్నారు. ఆయన అడగడం లేదు. దారి చూపిస్తున్నారు. రవ్వ పడిందంటే పర్దా పరీక్ష చెల్లదు, పలక ఎటూ అంటుకోలేదు, గల్లీ వెడల్పు చాలుతుంది, ఇల్లు నిలుస్తుంది. మా ముగ్గురికీ అది ఎక్కం అంత స్పష్టంగా తెలుసు.

అన్నగారు తల తుడుచుకున్నారు. కనుబొమ్మలు కొద్దిగా కమిలాయి. "లేదు సార్. రవ్వ పడలె. సెగకే అంటుకున్నది."

"సరిగ్గా చూశారా? మీ ఇల్లు అక్కడే కదా."

"ఔ సార్. గందుకే మంచిగ చూసిన."

సారు మళ్ళీ అడగలేదు.

నేను తెచ్చుకున్న పైకొసా కిందికొసా అంకెలతో లెక్కవేస్తే సెగ సారు లెక్కకంటే బాగా ఎక్కువే వచ్చింది. ఆయన కాదనలేదు. రిపోర్టులో ఎడం పెంచాలని రాశారు. జరపాల్సింది చెక్కల్ని గానీ ఇళ్ళని కాదని నేను పట్టుబట్టి ఒక పేరా రాయించాను. ఆ పేరా పట్టుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళి, కనిపించిన ప్రతి బల్ల ముందూ వాదించాను. ఒకాయన ఓపిగ్గా విని, "అమ్మా, మీ అంకె మాకు కావాలి. మీ అభిప్రాయం వద్దు," అన్నాడు. జీవితమంతా అంకెల కోసం దెబ్బలాడినదాన్ని, ఆ పేరా మడిచి సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

ఏడాది తిరక్కుండా వరుసంతా కూలగొట్టారు. అన్నగారు చాదర్‌ఘాట్ అవతల ఎక్కడో రెండు గదులు దొరికించుకున్నారు. ఐదు నిమిషాలు నడిచి ఆఫీసుకి వచ్చే మనిషి, రెండు బస్సులు మారి చెమటలు కక్కుకుంటూ వచ్చేవారు. వదిన దగ్గరికి కుట్టుకి వచ్చే ఆడపిల్లలు అంత దూరం వెళ్ళలేదు. మిషను ఉంది, పిల్లలు లేరు.

ఇంకా వినండి. డిపో మళ్ళీ అంటుకోలేదు. రెండు మూడేళ్ళకి డిపో యజమాని ఆ జాగా అమ్ముకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడక్కడ లాడ్జీ ఉంది. అక్కడ దిగినవాళ్ళు కిటికీలకి పర్దాలు వేసుకుని నిద్రపోతారు. నేను చెప్పింది నిజమని ఏ మంటా వచ్చి రుజువు చేయలేదు. రుజువు కాకపోవడమే మంచిదని మీరంటారు. నేనూ అంటాను, రోజుకొకసారి.

అన్నగారు రిటైరైన చాలా రోజులకి ఆబిడ్స్‌లో కనిపించారు. పెన్షన్ పని మీద వచ్చారట. ఇద్దరం హోటల్లో కూర్చున్నాం. ఆయన ఎప్పట్లాగే టీ సాసర్లో పోసుకున్నారు. ఎన్నాళ్ళనుంచో గొంతులో ఉన్నది అడిగేశాను.

"అన్నగారూ, ఆ రోజు రవ్వ పడలేదా నిజంగా?"

"నాకెట్ల ఎర్క చెల్లె? కండ్లల్ల పొగ. ఏం కనబడలె."

నేను టీ కింద పెట్టేశాను. "మరి చూశానన్నారు."

"పర్దా కాలుడు చూసిన. రవ్వకు కాలితే ఏంది, సెగకు కాలితే ఏంది? మా గల్లీల మంటైతే రవ్వలు రావా? మీరిద్దరు సెగ సెగ అని కొట్లాడుతున్రు గానీ, ఆమె పండుకునేది గా పర్దా కింద."

"అదే మాట సారుతో అనొచ్చు కదా. చూడనిది చూశానని చెప్పి..."

"రవ్వ పడ్డది అంటే నా ఇల్లు కాపాడుకోనీకి చెప్పిన అంటరు. పడలె అంటే ఎవరు అనుమానిస్తరు? నాకు నుక్సాన్ అయ్యే మాటనే నమ్ముతరు గద." సాసరు ఊదుకున్నారు. "నువ్వైతే నలభై ఒకటి అని అరుస్తవు. నీ మాట ఎవరు విన్నరు?"

ఇద్దరం నవ్వాం. నాకు నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. లాడ్జీ గురించి చెప్పాను. డిపో కాలలేదని, ఆయన ఇల్లు ఊరికే పోయిందని, లాభం నష్టం కలిపి చూసుకుంటే మనం చేసింది ఏమిటని అడిగాను. ఎదురుగా ఉన్నది అన్నగారైనా, ఆ ప్రశ్న నన్నే నేను అడుగుతున్నానని ఆయనకి తెలిసే ఉంటుంది.

ఆయన సాసరు బోర్లించి కప్పు మీద పెట్టారు. "మళ్ళ ఔసత్ తీస్తున్నవు చూడు. అంత చదివి, అంత కొట్లాడి, గీడికే వచ్చినవు." చంకలో సంచీ సర్దుకుని లేచారు. "మనం ఔసత్ల ఉండం చెల్లె. ఇంట్ల ఉంటం."

బయట చాదర్‌ఘాట్ బస్సు వచ్చి ఆగింది. అది పూర్తిగా ఆగకముందే, ఆ వయసులో, ఆయన ఎక్కేశారు.